నాలుగు మైళ్ళ ఉత్తరం

ఆడవాళ్ళు గురక పెట్టరని
మా ఇంట్లో ఒక నమ్మకం.
అందుకని పదేళ్ళపాటు
ఆ చప్పుడు పక్కింటి బాయిలర్‌దనుకున్నాం.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు.
నాది నిద్రనే ఎరగని నిద్ర.
ఎనిమిది గంటలు పడుకుని లేచినా
ఎవరో రాత్రంతా నాతో ఇసుక మోయించినట్టు
తలనొప్పి, పిడచకట్టిన నాలుక,
డిపోలో మూడో టీకి కూడా విచ్చుకోని కళ్ళు.
వయసు అన్నాను. ముట్లుడిగే రోజులు కదా అన్నాను.
స్వాన్సీ వానని కూడా నాలుగు మాటలన్నాను,
అది పట్టించుకోలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం,
మంబుల్స్ దారిలో, సముద్రం పక్కన,
ఎర్రలైటు దగ్గర బస్సు ఆపాను.
అది పచ్చగా ఎప్పుడయిందో!
ఒక ముసలామె లేచొచ్చి నా అద్దం తట్టి
"కారియాద్, ఒంట్లో బాగుందా?" అంది.
ఇక్కడి భాషలో బంగారుతల్లి అని.
ఆ కాసేపూ నేనెక్కడున్నానో
ఇవాళ్టికీ నాకు తెలీదు.
బస్సులో పదిహేడు మంది.
ఇంటికెళ్ళాక కళ్ళు మూసుకుని
ఒక్కొక్కరినే మళ్ళీ దింపుకున్నాను.

ఆ రాత్రి మురహరి పడుకోలేదు.
గోడ గడియారం చూస్తూ నా ఊపిరి లెక్కపెట్టాడు.
గురక, గురక, గురక,
ఆపైన ఏమీ లేదు.
పది. పదిహేను. ఇరవై రెండు.
"ఇరవై మూడు అనేలోపు
నీళ్ళలోంచి తేలినదానిలా ఎగశ్వాస తీసి
మళ్ళీ మునిగావు" అన్నాడు పొద్దున్న
కాఫీ కలుపుతూ, నా మొహం చూడకుండా.
ఇరవై ఆరేళ్ళ కాపురంలో
అతను నా గురించి రాసిన మొదటి కాగితం అది:
కరెంటు బిల్లు వెనకాల, వరసగా అంకెలు.

మొరిస్టన్ ఆసుపత్రిలో రియానన్ అనే పిల్ల
వేలికో క్లిప్పు, ముక్కు కిందో గొట్టం ఇచ్చి
ఇంటికెళ్ళి పడుకోమంది.
తరవాతి వారం, గంటకి నలభై ఒకటి అంది.
గంటకి నలభై ఒక్కసార్లు
నా గొంతు నా మీదే తలుపేసుకుంటోంది.
అన్నిసార్లూ గుండె లేచి
ఆ తలుపు బాదుతోంది.
నాకు తెలీకుండా నా ఒంట్లో ఇంత కాపలా!

ఇక ఉత్తరం రాయాలి.
లైసెన్సులిచ్చే ఆఫీసుదీ ఈ ఊరే.
'నాకు ఈ జబ్బుంది, బండి తోలడం ఆపాను.'
పట్టుమని నాలుగు మైళ్ళు వెళ్ళాల్సిన కవరుని
పోస్టుడబ్బా నోట్లో సగం పెట్టి
చాలాసేపు నిలబడ్డాను.
పదిహేడు మంది గుర్తొచ్చారు.
వదిలేశాను.

మాస్కు వచ్చిన రాత్రి
మురహరి నవ్వాపుకోలేక
వినాయకుడికి పెట్టినట్టు నాకు దణ్ణం పెట్టాడు.
రెండో రాత్రి పీకి పారేశాను.
మూడో రాత్రి ముక్కు పక్కనుంచి గాలి ఈలేసింది.
రియానన్ పట్టీ వదులు చేసింది,
చిన్న సైజు మెత్త మార్చింది,
మిషన్లో నీళ్ళు కాస్త వెచ్చగా పెట్టింది.
"పగలు కూడా కాసేపు పెట్టుకో,
నీకది అలవాటవ్వాలి" అంది.
వంకాయ తాలింపు వేస్తూ పెట్టుకున్నాను.
ఆవాలు చిటపటలాడాయి,
వాసన మాత్రం నా దాకా రాలేదు.

పదకొండో రాత్రో, పన్నెండో,
కలొచ్చింది.
చెప్పుకోదగ్గ కలేం కాదు,
మా పిన్ని గోంగూర వలుస్తూ ఎవరినో తిడుతోంది.
కానీ తిట్లన్నీ అయ్యేదాకా సాగింది.
ఎన్నేళ్ళయిందో
నా కల ఒకటి మధ్యలో తెగకుండా.

ఇప్పుడు రోజూ మాస్కు కడిగి
సింకు పక్కన ఆరబెడతాను.
బుగ్గల మీద పట్టీ గీతలు పదింటికి గాని పోవు.
నలభై ఒకటి మూడుకి దిగింది.
లైసెన్సు జవాబు ఇంకా రాలేదు,
నాలుగు మైళ్ళు, నడిచొచ్చినా ఈపాటికి చేరేది.

నిద్ర పట్టనిది మురహరికే.
ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే భయమట.
చీకట్లో నా పొట్ట మీద చెయ్యి వేసి
ఒకటి, రెండు అంటాడు.
మూడు దాకా వెళ్ళే పని పడదు.
మళ్ళీ ఒకటి అంటాడు.