కోసినవాడిది రెండో వంతు

వకీలు నోటీసు వచ్చిన రోజు
కవరు విప్పి, కాగితాన్ని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి చూశాను.
వాటర్‌మార్కు మేం తెప్పించే మిల్లుదే.
ఆండర్సన్ వీధిలో మా కొట్లోంచి
ఆ వకీలే పట్టుకెళ్ళిన కట్ట,
ఆడి నెల నుంచి బాకీ.

అన్న మీద తమ్ముడు వేయబోయే దావాకి
ఇద్దరి సరుకే అప్పుగా వెళ్ళింది.
చెప్పి నవ్వబోయాను.
దామోదరం నవ్వలేదు, రంగనాథం నవ్వలేదు.

మా మెట్లు దిగి వీధి మలుపు తిరిగితే హైకోర్టు.
గోడౌను కిటికీలోంచి ఎర్ర గుమ్మటాలు కనిపిస్తాయి.
ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ వాకిట్లోకి
ఎన్ని రీములు వెళ్ళాయో నా చిట్టాలో ఉంది.
ఎన్ని కొట్లు తిరిగొచ్చాయో లేదు.

పెరంబూరు నుంచి కనకవల్లి దిగింది.
మూడో వాటా తనది, ఎవరూ తలవని వాటా.
"మీరు కోర్టుకెళ్తే నేనూ వస్తా,
మీ ఇద్దరి మీదా" అంది.
ఆ మాటకే కూర్చున్నారు.

మధ్యన ఉండడానికి తాయారమ్మని పిలిచాం.
బైండింగు షెడ్డు నడిపి నడిపి మూసేసిన మనిషి,
చూపుడువేలి నిండా సూది మచ్చలు.
ఫీజు అడగలేదు.
మూడు ఫోన్లూ తన టిఫిన్ క్యారియర్లో వేసి
మూత బిగించింది.

తొమ్మిది ఆదివారాలు.
మొదటి రెండూ అరుపులకే సరిపోయాయి.
మూడోదానికి వాన; ఎవరూ రాక
నేనూ ఆవిడా ఇడ్లీలు తిన్నాం.
నాలుగోసారి దామోదరం
తమ్ముడి కాలేజీ ఫీజులు బయటికి తీశాడు,
రంగనాథం, అమ్మ పక్కన ఆస్పత్రిలో మేలుకున్న రాత్రులు.
"ఇవి ఏ పద్దులో రాస్తావు సంజీవీ?" అందావిడ.
నా దగ్గర అలాంటి పద్దు లేదు.
"అయితే రాయకు. చెప్పనీ."

ఐదో వారం అందర్నీ కటింగు మెషిను దగ్గరికి నడిపించింది.
"మిగులు షీట్లు మీ నాయన ఎలా పంచేవాడు?"
చెప్పక్కర్లేదు.
ఒకడు కోయాలి, ఇంకొకడు ముందు ఏరుకోవాలి.
కోసినవాడిది ఎప్పుడూ రెండో వంతు.
ఆ భయానికే చిన్నప్పుడు వీళ్ళు
వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేవారు.

దామోదరం మూడు కుప్పలు రాశాడు,
రాసింది కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.
ముందు ఏరుకోమంటే కనకవల్లి
ఎవరూ ముట్టని దాన్ని లాక్కుంది:
గోడౌనూ, రానిబాకీల పుస్తకమూ.
"వసూలు నాకొచ్చు" అంది.

బోర్డు మీద నాయన పేరు మాత్రం
ఏ కత్తికీ లొంగలేదు.
అలాగే రాశాం: తెగలేదు,
వచ్చే ఏడు మళ్ళీ కూర్చోవాలి.

సంతకాలకి కాగితం ఎవరి స్టాకులోంచి అని
ఇంకో అరగంట.
తాయారమ్మ విసుక్కుని
తన పాత నోటుబుక్కు చివరి పేజీలు చింపి ఇచ్చింది.

అన్నదమ్ములకి ఇప్పటికీ మాటల్లేవు.
ఒకరి దగ్గర సరుకు తక్కువైతే
ఇంకొకరికి కుర్రాడితో చీటీ వెళ్తుంది.
చీటీ మీద ధర ఉండదు.

మొన్న బుధవారం
మాలో ఒకరు హైకోర్టు మెట్లెక్కారు.
కనకవల్లి. చేతిలో గొడుగు,
చంకలో రానిబాకీల పుస్తకం.
వకీలు అణాపైసలతో కట్టాడట.
వడ్డీ తనే వదిలేసి వచ్చింది.