పేజీకి రెండు రూపాయలు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ నా జిరాక్స్ దుకాణం.
మిషిన్ వేడెక్కేదాక జనం నిలబడాలె.
నిలబడ్డోళ్లకు ఏదో ఒకటి వినబడాలె.
అందుకే పెడుతున్న,
కేతావత్ పూర్ణిమ పాడిన తొమ్మిది పాటలు.
రాసుడు, బాణీ కట్టుడు, పాడుడు, అన్నీ ఆమెనే.
ఆల్బం పేరు 'పొద్దు వాలినంక'.
పదో తరగతి మెమో నా కాడనే జిరాక్స్ తీయించుకున్న పిల్ల,
ఒక రూపాయి ఇచ్చి
ఇంకో రూపాయి బాకీ పెట్టి ఉరికింది, బస్సు కదులుతుందని.

పహాణీ నకలు కోసం వచ్చిన పసునూరి జంగయ్య అన్నడు:
"గొంతు మంచిగనే ఉంది గని
ఇంత మెత్తగ పాడితే ఎవరు వింటరు బిడ్డా?
పాటంటే బోరు మోటరు మీదికెళ్లి వినబడాలె."

లెక్కల సారు అద్దాలు పైకి జరిపి
"అన్నీ ఒక్క తీరే. రెండో పాటకు, ఐదోదానికి
నడుమ దోమ దూరేంత సందు లేదు" అన్నడు.
అనుకుంటనే ఐదోదానికి కాలు ఊపిండు.
నేను చూసిన.
ఆధార్ కార్డు రెండు దిక్కులా తీసేదాక ఊపుతనే ఉన్నడు.

నర్సింగు చదివే రిజ్వానా
నాలుగోది రాత్రి డ్యూటీల విన్నదట.
"వార్డుల అందరు పండుకున్నంక, అక్కా,
సెలైను చుక్కకు, గిటారుకు లెక్క కలిసింది."
ఆ మాట విన్న కాడికెళ్లి
నాలుగో పాట నడిమిట్ల నేను ఎవరితోని మాట్లాడలే.

మల్లేపల్లి ఆటో నడిపే యాదగిరిది ఇంకో లెక్క:
"ఎక్కేటోళ్లు మార్చుమంటరు.
దిగేటోళ్లు పేరేందని అడిగి దిగుతరు."

తండా పోరగాండ్లు ఇద్దరు కొట్లాటకే దిగిండ్రు.
"తొమ్మిదింట్ల ఒక్కటన్న మన బోలీల పాడకపాయె!"
"ఆరోదాంట్ల ఆఖరుకు 'యాడీ' అన్నది, చెవులు లేవా?"
మళ్ల పెట్టుమన్నరు. మూడుసార్లు పెట్టిన.
మూడుసార్లు ఆ మాట కాడికే
మిషిన్ల కాయితం ఇరికి కిర్రుమన్నది.
ఇద్దరు గెలిచినట్టే పోయిండ్రు.

శుక్రవారం మిట్టెండల ఒకామె వచ్చింది,
గ్రూపు లోను కాయితాలు పద్నాలుగు.
మొదటి పేజీ మీద పేరు, కేతావత్ బూలి.
ఏడో పాట నడుస్తుంది.
పిల్లలకు వడ్డించి
ఉత్త గిన్నెతోని ముచ్చట పెట్టే అమ్మ మీది పాట.
అది విని నా దుకాణంల
ఇప్పటికి ముగ్గురు కండ్లు తుడుచుకున్నరు.
ఆమె తుడుచుకోలే.
"అబద్ధం" అన్నది.

ఏంది అన్న.

"నేను పస్తున్ననని పాడింది. నేనేం పస్తులే.
వాళ్లు పండుకున్నంక తిన్న.
జొన్నరొట్టె, మిరపకాయ. ఉల్లిగడ్డ గూడ ఉండె.
దానికేం తెల్సు, నిద్రపోయింది."

"మరి పాట ఎట్లుంది?"

కాయితాలు సదురుకుంట ఊకుంది కొంచెంసేపు.
"రాగం మంచిగుంది. ముచ్చటనే తప్పు."

ఇరవై ఎనిమిదైతే మూడు పది నోట్లిచ్చింది.
నేను వాపసు ఒక్క రూపాయే ఇచ్చిన.
ఇంకోటేది అన్నది. చెప్పిన,
మెమో ముచ్చట, బస్సు ముచ్చట, ఆరేండ్ల బాకీ ముచ్చట.
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.
"నా ఆకలి రాసింది గని
దాని అప్పు రాయలే సూడు, ఏ పాటల గూడ!"

ఇప్పుడు ఏడోది వచ్చినప్పుడల్లా
గిటారు అడుగున నాకొక చప్పుడు వినబడుతది,
చీకట్ల ఎవరో అరచేత్తోని
ఉల్లిగడ్డ పగలగొడుతున్నట్టు.
రికార్డుల అది లేదు. తెలుసు.

నిన్న జంగయ్య మళ్లొచ్చిండు.
బోరు మోటరు కాలి నాలుగు రోజులాయెనట.
చేన్ల ఒక్క చప్పుడు లేదట.
కాయితాలేం తేలే.
స్టూలు గుంజుకొని కూసొని
"ఆ మెత్తగ పాడే పిల్లది పెట్టు" అన్నడు.