మినిట్సు పుస్తకం

ఆదివారం, పొద్దున్న ఎనిమిదీ ఇరవై.
సీతంపేట దాటి, రెండో గెడ్డ అవతల
రాత్రి మంచు ఇంకా ఆరని రాతి మీద
మా కొండనడక సంఘం పదకొండో సర్వసభ్య సమావేశం.
హాజరు ఇరవై ముగ్గురు. కోరం ఇరవై నాలుగు.

ఆ ఒక్కరూ ఇంకా కిందే ఉన్నారు.
జీడితోట మలుపులో తెల్లటోపీ ఒకటి
కనిపిస్తుంది, ఆగుతుంది, మళ్లీ ఉండదు.
బగాది లోకనాథం గారు. తూనికలు కొలతల శాఖలో
ముప్పై ఏళ్లు రాళ్లు తూచిన మనిషి,
ఇప్పుడు మోకాళ్లు తూచుకుంటూ వస్తున్నారు.

"వచ్చీసినట్టే రాసీ అమ్మా, ఎండెక్కిపోతంది"
అన్నాడు అధ్యక్షుడు ఢిల్లేశ్వరరావు.
నేను కలానికి మూత పెట్టేను.
రాని మనిషిని వచ్చినట్టు రాయడం
పోయిన శ్రావణంలో ఒకసారి చేసేం.
వానలో, బస్సు దగ్గర, తలల లెక్క.
ఎవరో ఎవరి గురించో "ఆఁ, ఉంది" అన్నారు.
టిక్కు పెట్టింది నేనే.
పేడాడ హైమావతి గెడ్డకి అవతలే ఉండిపోయింది.
నీళ్లు తగ్గేసరికి రాత్రి పదకొండు.
సవర బెన్నయ్య వెదురుకర్రతో లోతు చూసుకుంటూ
ఆమెని ఇవతలికి నడిపించుకొచ్చేడు.
ఆ టిక్కు పుస్తకంలో అలాగే ఉంది.
ఎవరినీ కొట్టెయ్యనివ్వలేదు.

అంచేత ఆగేం.
ఈలోగా కోశాధికారి, సైకిల్ షాపు పైడిరాజు,
"ఇది రాయకండి" అంటూనే లెక్క చదివేడు.
చందాలు ఎనిమిది వేలు. బాకీ ఆరుగురు:
"పేర్లు నేను చదవను, వాళ్లే దగ్గుతారు."
ఇద్దరు దగ్గేరు.
తాడు, ముప్పై మీటర్లు, ఐదువేల నాలుగొందలు.
అయోడిను, గుడ్డపట్టీలు, మూడొందల పది.
బెన్నయ్యకి ఇవ్వబోతే తీసుకోనిది, ఐదొందలు.
"ఇది ఏ పద్దులో రాయాల?"
ఎవరూ చెప్పలేదు.

తాడు ఎవరింట్లో ఉండాలన్న దాని మీద
అరగంట పోయింది.
అధ్యక్షుడింట్లో దాని మీద బట్టలారేస్తున్నారని ఒకరు.
ఎండకి పీలికలైపోతే పోయే ప్రాణం ఎవరిదని ఇంకొకరు.
ముందు నవ్వేం. తర్వాత నవ్వలేదు.
చోడి అంబలి సీసా చేతులు మారింది.
ఒకాయన రాజీనామా చేసేడు;
ఏటా చేస్తాడు, తిరుగు టిక్కెట్టు
మాతోపాటే కొనిపించుకుంటాడు.

తొమ్మిదింబావుకి తెల్లటోపీ రాయెక్కింది.
"నాకోసం ఆగేరా? మొదలెట్టీవలసింది."
రాసేను: ఇరవై నాలుగు.

శ్రావణం తర్వాత ఏ సమావేశంలోనూ నోరిప్పని హైమావతి
అప్పుడు లేచి నిలబడింది.
"అందరికన్నా మెల్లగా నడిచీవోళ్లు ముందు నడవాల.
అధ్యక్షుడు ఆఖర్న. ఈల ఆయన మెళ్లో ఉండాల."
"అధ్యక్షుడన్నాక ముందుండాల గదేటి?"
"ముందున్నోళ్లకి ఆ రోజు నేను కనబళ్లేదు."
కింద గెడ్డ చప్పుడు కాసేపు బాగా వినిపించింది.

అనుకూలమైనవాళ్లు కర్రలెత్తమన్నాను.
ఇరవై.
వ్యతిరేకం మూడు, అందులో అధ్యక్షుడిదొకటి.
లోకనాథం గారి కర్ర రెండుసార్లూ ఒళ్లోనే ఉంది.
"నా గురించిన తీర్మానానికి నేను ఓటెయ్యకూడదు.
తూకం పట్టీవాడు త్రాసులో కూర్చోడు కదమ్మా."

దిగేటప్పుడు ఆయన ముందు.
ఆయన ఆగితే ఇరవై ముగ్గురం ఆగేం,
ఆయన ఉసిరిచెట్టు కేసి చూస్తే అందరం చూసేం.
దారిలో ఒకసారి వెనకనించి ఈల.
గుండె జారి తిరిగి చూసేం.
"ఏటీ లేదు," అన్నాడు ఢిల్లేశ్వరరావు,
ఈలని చొక్కాకి తుడుస్తూ,
"పలుకుతాదో లేదో అని."

రోడ్డు మీద, ఒక్కొక్కరి మొహం చూసి
ఒక్కొక్క టిక్కు పెట్టేను.
ఐదొందలు ఇంకా పైడిరాజు దగ్గర వేరే కవర్లో ఉన్నాయి.
పాలకొండ బస్సు మాత్రం వెళ్లిపోయింది.
దాని మీద
వచ్చే సమావేశంలో చర్చ ఉంటుంది.