మా ఊరు ఏ రంగుల ఉన్నది

బండ్లగూడలో మా ఆఫీసు రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే ఆటోల మోత, మూస్తే ఏసీ మోత.
మూడు నెలలుగా నేను
ఎప్పుడూ అడుగు పెట్టని ఒక తీరాన్ని గీస్తున్నాను.
హద్రమౌత్. ఏడాదికి నాలుగు చినుకులు.
ఒకవైపు సముద్రం, ఒకవైపు సున్నపురాతి గోడలు,
నడుమ నీళ్ళు లేని వాగులు.

పని నేర్పిన సుధేష్ణ మేడం మొదటి రోజు
చెప్పింది ఒకటే:
"నల్లబడ్డ రాయిని నమ్ము.
వేల ఏళ్ళు కదలకుండా ఎండలో కూర్చుంటేనే ఆ నలుపు.
తెల్లగా మెరిసే కంకరను నమ్మకు.
అది మొన్న వచ్చింది. మళ్ళీ వస్తుంది."

అప్పట్నుంచి తెల్లనివన్నీ అనుమానమే నాకు.
లోయ నోటి దగ్గర విసనకర్రలా విచ్చుకున్న మేట,
దాని మడతల్లో పాత పాయ, కొత్త పాయ,
ఆ పాయల మీదే ఇళ్ళు.
చదునుగా ఉందని, తవ్వితే నీళ్ళు పడతాయని.
ఎవరైనా అక్కడే కడతారు. నేనైనా.
వాటి చుట్టూ గీత గీసి ఎరుపు నింపుతాను.
ఎరుపంటే గంటలో ముంపు.
పసుపంటే, మా భాషలో, చూద్దాం.

సాయంత్రాలు బార్కస్ దాకా నడుస్తాను, జామకాయలకి.
బండి అవద్ బావజీర్‌ది.
ఆయన ముత్తాత నిజాం ఫౌజులో చేరడానికి
ఓడెక్కి వచ్చాడట, నేను గీస్తున్న ఆ తీరం నుంచే.
ఈయన మాత్రం సముద్రం చూసింది ఒక్కసారి,
బందరులో, ఎవరిదో పెళ్ళికి పోయినప్పుడు.

ఫోన్‌లో పటం చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
మనవడి మార్కుల మెమో చూసినంతసేపు చూశాడు.
"మా దాదీకి అరబ్బీల ఒక్క మాటే యాదికుండె. సైల్.
వాన కాదు బేటీ. వాన ఏడనో కొండ మీద పడ్తది.
నీ నెత్తి మీద ఎండనే ఉంటది.
ముందుగాల చప్పుడొస్తది, రాళ్ళ చప్పుడు.
గప్పుడు ఒంటెను ఇడిసి ఉరకాలె.
మేకను ఇడిసి ఉరకాలె.
పిల్లను ఎత్తుకోవాలె."

సైల్. సైలాబ్.
ఈ ఊళ్ళో పుట్టినప్పట్నుంచి వింటున్న మాట కడుపులో
ఒక ఎండిన వాగు పడుకుని ఉందని
నాకెవరూ చెప్పలేదు.

ఉప్పూ కారం అద్దిన ముక్క కొరుకుతూ గల్లీలోకి చూశాను.
గోడలన్నిటికీ ఒకే ఎత్తులో రెండు రంగులు.
ఛాతీ పైన పాత ఆకుపచ్చ, వెలిసిపోయింది.
ఛాతీ కింద కొత్త సున్నం.
తెల్లగా. మెరుస్తూ.
కొరికింది గొంతు దిగలేదు.
ఆ ఏడాది చెరువు కట్ట తెగిన రాత్రి
నీళ్ళు ఎక్కడిదాకా నిలబడ్డాయో
ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.
గల్లీ చివర కొంచెం వంపు, వాగు తిరిగినట్టే.
మోరీ పక్కింటికి నాలుగు మెట్లు,
దాని పక్క కొత్తింటికి ఏడు.
భయానికి ఎవరి కొలత వాళ్ళది, ఎవరి సిమెంటు వాళ్ళది.
నాలుగో మెట్టు మీద ఒకామె ఉల్లిపాయలు తరుగుతోంది.
పొట్టు మోరీలోకి ఊదేస్తోంది.

హద్రమౌత్‌లో మెట్లు నాకు కనిపించవు.
అంత చిన్నది ఉపగ్రహానికి ఆనదు.

తూకం రాయి తీసి పక్కన పెడుతూ అడిగాడు,
"ఇంతకూ, మా ఊరు ఏ రంగుల ఉన్నది?"

ఏ ఊరు అని అడగాల్సింది.
పసుపు, అన్నాను.
నవ్వి, ఒక కాయ ఎక్కువేశాడు.

రాత్రి లాప్‌టాప్ తెరిచి
ఆ తీరంలో ఆయన ఊరు వెతకబోయాను.
పేరు అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.
తర్వాత ఒక కొత్త ఫైలు తెరిచాను,
ఎవరూ అడగనిది, జీతం లేనిది.
బార్కస్ మీదికి దిగాను. అన్నీ కప్పులే,
నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు.
నల్లరాయి ఎక్కడా లేదు.
మొదటి గీత ఎక్కణ్ణుంచి పెట్టాలో తెలీక
నాలుగు మెట్ల ఇంటి దగ్గర మొదలుపెట్టాను.