నాలుగు డిగ్రీల దగ్గర

నా పని నీళ్ళలోంచి గాలి తీయడం.
ముప్పై ఏళ్ళు లేత్ మీద ఇత్తడి చెక్కాక
ఎడమ చెవి పోయింది, పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది.
అందుకని గార్షింగ్‌లో, యాక్సిలరేటర్ హాలు చివర,
డాక్టర్ స్వాంట్యె హార్మ్స్ తొట్టికి
బుడగలేని నీళ్ళు పట్టే పని నాకిచ్చారు.

"ఒక్క బుడగ చాలు, కొర్బీనియన్,
మనకి కావలసింది వినపడకుండా పోతుంది."
ఆవిడకి కావలసింది
ప్రోటాన్ ఆగే చప్పుడు.

ప్రోటాన్ మొదట్లో మహా పిసినారి అట.
దారిలో చిల్లర విదిలిస్తూ పోతుంది,
కాళ్ళు బరువెక్కేకొద్దీ చెయ్యి వదులవుతుంది,
ఆఖరి గడపలో మూట మొత్తం విప్పి కుమ్మరించి
అక్కడే కూలబడుతుంది.
ఆ గడప దాటి ఒక్క అడుగు వేయదు.

కానీ మనిషి లోపల ఆ గడప ఎక్కడ?
లెక్కలు చెప్తాయి, రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూగా.
"ఆ అటూ ఇటూలోనే
ఒక్కోసారి కంటి నరం ఉంటుంది," అంటుంది ఆవిడ,
ఆపిల్ కొరుకుతూ.

మా అన్న క్విరీన్
మీస్‌బాఖ్ పశువుల సంతలో వేలం పాడేవాడు.
గొంతులో గడ్డ లేస్తే ఎక్స్-రేలు పెట్టారు.
వాటికి ఆగడం రాదు.
ఇటు దూరి అటు పోయేవి,
దారి పొడుగునా చెయ్యి చేసుకుంటూ.
గడ్డ పోయింది. నోట్లో తడీ పోయింది.
పదకొండేళ్ళు బతికాడు,
కోటు జేబులో నీళ్ళ సీసాతో,
రొట్టె ముక్కకొక గుక్క.

ప్రోటాన్ కూలబడిన చోట
నీరు డిగ్రీలో వెయ్యో వంతు కూడా వేడెక్కదు.
అయినా ఉలిక్కిపడుతుంది.
ఆ ఉలికిపాటు మైక్రోసెకనుకి ఒకటిన్నర మిల్లీమీటర్లు నడిచి
తొట్టిలోని చిన్న మైకుని తాకుతుంది.
ఎప్పుడు తాకిందో తెలిస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.
అదీ సంగతి. నాకర్థమైనంత.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఆఖరి మెట్రో పోయి
నేల వణుకు సద్దుమణిగాక,
తెర మీద ఒక అల లేచింది.
నేను చప్పట్లు కొట్టబోయాను.
ఆవిడ మొహం చిట్లించింది.
"ఇది నీటి మాటో, తీగల చాడీయో.
ఐసు తీసుకురా."

పక్క బిల్డింగు నుంచి నాలుగు బకెట్లు మోశాను.
తొట్టి చుట్టూ పేర్చి కూచున్నాం.
పన్నెండు. తొమ్మిది. ఆరు.
అల పొట్టిదవుతోంది.
నాలుగు దగ్గర
గీత పడుకుంది.

ప్రోటాన్లు వస్తూనే ఉన్నాయి,
ఆగుతూనే ఉన్నాయి, మూటలు విప్పుతూనే ఉన్నాయి.
నాలుగు డిగ్రీల నీరు వేడి పుచ్చుకుంటుంది గానీ ఉబ్బదు.
ఉబ్బనిది ఉలిక్కిపడదు.

"విన్నావా!" అని బల్ల చరిచింది ఆవిడ.
నేను మంచి చెవి తొట్టి వైపు తిప్పాను,
మనిషి చెవికి అందేది కాదని తెలిసీ.
ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడమే సాక్ష్యం అట.
రెండు డిగ్రీల దగ్గర అల మళ్ళీ వచ్చింది,
తలకిందులుగా.

"మనిషి ముప్పై ఏడు డిగ్రీలు,
బాగా పలుకుతాడు," అంటూ బూట్లు వేసుకుంది.
వెంటనే, "అందాకా చాలా ఉందిలే,
ఎముకలున్నాయి, ఊపిరి ఉంది,
గాలి నిండిన పేగులున్నాయి," అని
లైటు నన్ను ఆర్పమంది.

తొట్టి ఖాళీ చేసేముందు
పక్క కూజాలో మిగిలిన నీళ్ళు
ఒక గుక్క తాగి చూశాను.
గాలి తీసిన నీటికి రుచుండదు.
అన్నీ ఇలాగే ఉన్నాయిరా అనేవాడు క్విరీన్,
ప్లమ్ కేకు గురించి కూడా.