నడుము కొలత

రిచీ స్ట్రీట్‌లో పాత సామాన్ల గుట్టలోంచి
మూడొందల యాభైకి బేరమాడి
భుజాన మోసుకొచ్చిన కేబినెట్‌లో
హార్డ్‌డ్రైవ్ కూర్చోవలసిన చోట
ఏమీ లేదు.
ముందువాడెవడో
ఏ పొడుగాటి కార్డు పట్టించడానికో
గూటిని రంపంతో కోసి పారేశాడు.
కోసిన అంచు మీద వేలు పెడితే
ఇంకా కరుస్తోంది.

వాణ్ని తిట్టుకుంటూనే మొదటి రాత్రి
ఇడ్లీ పొట్లం విప్పిన పేపరు నాలుగు మడతలేసి
అడుగు రేకు మీద దాన్ని పడుకోబెట్టాను.
రేకు మోగింది.
ట్రిప్లికేన్ మాన్షన్, మూడో అంతస్తు, పద్నాలుగో గది.
రేకుతోపాటు బల్ల, బల్లతోపాటు గోడ,
గ్లాసులో మర్చిపోయిన చెంచా.

నా పని డబ్బింగ్ సీరియళ్ళకు మాటలు అతికించడం.
పెదాలకు సరిపోయాయో లేదో
ముందు నా గొంతుతోనే పలికి చూసుకుంటాను.
అత్త అరిచి ఆగాక, కోడలు ఏడవబోయే ముందు
కాస్త నిశ్శబ్దం ఉండాలి కదా,
అందులో నా డిస్కు గొణుగుతోంది.

రాత్రంతా ఏటీఎం కాపలా కాసి
పగలు పడుకునే పెంచలయ్య
దుప్పటి లోంచే అన్నాడు:
'ఏందబ్బయా ఈ రొద,
తలకాయ కింద రైసుమిల్లు పెట్టినట్టు!'

రెండువైపులా అంటుకునే టేపు వేశాను.
కత్తిరి ఎండలకు జిగురు కరిగి
మిట్టమధ్యాహ్నం జారిపోయి
తీగ పట్టుకుని వేలాడింది.
స్టీలు స్కేలు రెండు ముక్కలు చేసి
పైన ఖాళీగా ఉన్న సీడీ గూటికి అడ్డంగా బిగించాను.
స్క్రూలు నాలుగు నాలుగు రకాలు,
మూడు చుట్లు తిరిగి మొరాయించేవి రెండు.
బిగించినకొద్దీ
ఇంకా గట్టిగా మోగింది.

జాంబజార్‌లో దర్జీ కరీముల్లా.
ఎలాస్టిక్ కావాలన్నాను.
'పాపకా, బాబుకా?'
ఊరికే నవ్వాను.
'నడుమెంత?'
వెడల్పు నాలుగంగుళాలు.
'వయసు?'
ఏడేళ్ళు.
మెడలో టేపు తియ్యబోయినవాడు ఆగి
నా మొహం వంక చూశాడు.

సంచీలోంచి తీసి
సుద్దముక్కల పక్కన పెట్టాను.
నిజంగానే కొలిచాడు, రెండుసార్లు,
పొడవూ వెడల్పూ, మూల దగ్గర మడత కూడా.
ముడి వద్దు జారుద్ది అని
నాలుగు ఉచ్చులు మిషను మీద కుట్టిచ్చాడు.
ఎలాస్టిక్‌కు పన్నెండు రూపాయలు.
కుట్టుకు తీసుకోలేదు.
'సంవత్సరం ఆగుద్ది. తర్వాత సాగుద్ది' అన్నాడు,
పిల్లల నిక్కర్ల సంగతి చెప్పినట్టే.

సీడీ గూటి చిల్లుల్లోంచి అటూ ఇటూ లాగి
మధ్యలో వేలాడదీశాను, ఏ రేకుకూ తగలకుండా.
స్విచ్ వేస్తే ఏమీ వినపడలేదు.
కరెంటు పోయిందేమోనని ఫ్యాను వైపు చూశాను.
తిరుగుతోంది.
దాని కిచకిచ వినడం అదే మొదటిసారి.

పొద్దున ఏడింటికి పడుకున్న పెంచలయ్య
పదింటికి మంచం మీద కూర్చునున్నాడు.
'నిద్ర పట్టడంలా. ఎందుకాపినావు దాన్ని?'
కోవూరులో వాళ్ళ ఇల్లు
రైసుమిల్లు గోడకు ఆనుకునే ఉండేదని
అప్పుడు చెప్పాడు.

ఆగలేదు చూడమని పక్క రేకు తీశాను.
వంగి, చెవి పెట్టి, నమ్మక
వేలితో కదపబోయాడు.
తిరిగేటప్పుడు ఊపకూడదని
మణికట్టు పట్టుకున్నాను.
ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం,
పట్టుకున్నవాడూ వంగినవాడూ.

రేకు మూసే ముందు
లోపలివైపు పెన్సిల్‌తో నెలా సంవత్సరం రాశాను.
ఎలాస్టిక్ సాగే లోపు మార్చాలి.
మార్చకపోతే, దీన్ని కొనుక్కుపోయి విప్పేవాడు
లంగా ఎలాస్టిక్ చూసి
నన్నేమని తిడతాడో.

కోసిన అంచును మాత్రం
ఆకురాయితో అరగదీశాను.