వెంట్రుకంత

పెద్దపల్లి రైసుమిల్లుల
దూలం అడుగున మోటరు వేలాడదీయాలె.
"వెంట్రుకంత పగులన్న లేదు మేడం,
ఏ బోల్టన్న ఆగుతది."
టార్చి కొట్టి చూపిండు ఓదెలు.

నిజమే, లేదు.
మీదికి ఇంకా బస్తాలెక్కలే.
యాసంగి వడ్లొచ్చిన నాడు
దూలం కడుపు సాగుతది,
సాగే కాడనే మన రంధ్రం.

పగిలిందనే రాసిన.
పదిలో మూడు పాళ్లు బలం కొట్టేసిన,
లోతు ఇంకో రెండు వేళ్లు.
పగులు నోరు తెరిస్తే
తానూ విచ్చుకునే బోల్టే కావాలన్న.
"పగలనిదానికి సేటు పైసలిస్తడా?"

ఊదిండు, బ్రష్షు తిప్పిండు, మళ్ల ఊదిండు.
కనురెప్పల మీద సిమెంటు బూడిద.
రెంచి టక్కుమన్నంక
బోల్టుకు రెండు చేతులేసి వేలాడిండు,
ఒక చెప్పు జారి పడ్డది.

దూలం ఏమనలే.
నేనింకా టార్చి పట్టుకొని
వెంట్రుక కోసం వెతుకుతున్న.